కుటుంబ వ్యాపారం అని నింపిన ఫారం

ఇంజినీరింగ్ నాలుగో ఏడు మొదట్లో మా తరగతిలో అందరికీ ఒక ఫారం ఇచ్చారు. చదువయ్యాక ఉద్యోగమా, పై చదువా, కుటుంబ వ్యాపారమా అని అడిగారు అందులో. నా పక్కన కూర్చునే హనుమాన్ జంక్షన్ అమ్మాయి నా కాగితంలోకి తొంగిచూసి, "నీకేంటే, గల్లాపెట్టె ముందు కూర్చుంటే సరి" అంది. నేను కుటుంబ వ్యాపారం దగ్గర టిక్కు పెట్టాను.

పటమటలో మా బట్టల కొట్టు మూతపడి అప్పటికి ఎనిమిది నెలలు. తరగతిలో ఎవరికీ చెప్పలేదు. చుట్టుపక్కల ఊళ్ళ నేతగాళ్ళు మా తాతగారికి చూపించాకే తమ చీరలు ఇంకొకరికి చూపించేవారు. ఆ ఇంటి పిల్ల అందరి ముందూ ఉద్యోగం కావాలని రాయడమా?

కొన్ని నెలలకు మొదటి కంపెనీ వచ్చింది. పరీక్ష రాయదగినవాళ్ళ జాబితాలో నా పేరు లేదు. మార్కుల్లో తరగతికి మూడోదాన్ని. వ్యాపారం అన్నవాళ్ళను జాబితాలో చేర్చరని ఫారం అడుగునే ఉందట. నేను అంతదాకా చదవలేదు.

ప్లేస్‌మెంట్లు చూసే సారు తలెత్తకుండానే చెప్పారు. "మనసెందుకు మారిందో రాసి, నాన్నగారి సంతకం పెట్టించి తీసుకురామ్మా. రేపు పదింటిలోపు. పదకొండింటికి పరీక్ష."

కొట్టు లేకపోయినా నాన్నగారు రోజూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ముందుగదిలో కూర్చుంటారు. "మా దుకాణం మూతపడినందున" అని నేను రాసిన చోట ఆయన చూపు ఆగిపోయింది.

"మూతపడటమేంటమ్మా? ప్రస్తుతానికి నిలిపివేశామని రాయి."

"అదీ ఇదీ ఒకటే కదండీ నాన్నగారూ."

"ఒకటే అయితే నేను చెప్పిందే రాయి. కింద సంతకం నాది."

తిరగరాశాను. ఇంటిపేరుతో సహా పూర్తి సంతకం చేశారు.

మర్నాడు సారు ఉత్తరం చదివి నా వైపు చూశారు. "ప్రస్తుతానికంటే? మళ్ళీ తెరుస్తారా?"

"తెరవచ్చండీ."

"మరి నీకు ఉద్యోగమెందుకు? ఆఫర్ తీసుకుని, కొట్టు తెరిచామని మానేస్తావు. వచ్చే ఏడు ఆ కంపెనీవాళ్ళు మన గడప తొక్కుతారా? ఉన్నమాట రాస్తే రాయి, లేకపోతే వెళ్ళు."

వెనక హాల్‌టికెట్ల కోసం మావాళ్ళంతా వరసకట్టి ఉన్నారు. "కానివ్వవే, టైమైపోతోంది" అంది హనుమాన్ జంక్షన్ అమ్మాయి.

ఆయన బల్ల మీద, నిలబడే, "ప్రస్తుతానికి నిలిపివేసినందున" అన్నది కొట్టేసి పైన "మూతపడినందున" అని రాశాను. అంతసేపూ నాన్నగారి సంతకం నా బొటనవేలి కింద ఉంది. సారు నా పేరు జాబితా అడుగున పెన్నుతో చేర్చారు. నా వెనక ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది.

పరీక్ష రాసి ఇంటికి వచ్చేసరికి నాన్నగారు నాకోసమే ఎదురుచూస్తున్నారు.

"ఉత్తరం చూసి ఏమన్నారమ్మా?"

"ఒప్పుకున్నారండీ."

"చూశావా, మర్యాదగా రాస్తే ఎవరూ కాదనరు."

"ఔనండీ" అన్నాను.