పొలిక్సేని రుచి చూడని పండుగ వంట

పెరామాలో రేవు గేటుకు ఎదురుగా పొలిక్సేని పూటకూళ్ల ఇల్లు ఉంది. పెళ్లై ఆ ఊరొచ్చి ఆమె పొయ్యి వెలిగించిన రోజుల్లో చిన్న ఓడలు వచ్చి వారాల తరబడి ఆగేవి. నావికులు ఆకలి మీద దిగి, బల్లల మీద మోచేతులు ఆనించి వేడివేడి చిక్కుడు గింజల చారు తాగేవారు. తరువాత లోకంలో వ్యాపారం పెరిగింది, ఓడలు కొండలంత అయ్యాయి. పది ఓడల సరుకు కంటైనర్లలో ఒక్క ఓడ మీదే వస్తోంది. అందులో మనుషులు మాత్రం పాతిక మందికి మించరు. క్రేన్లు సరుకు దించి ఎక్కించేలోపు వాళ్లకు నేల మీద కాలు పెట్టే తీరికే దొరకదు. అలా రేవు నిండింది, పొలిక్సేని బల్లలు ఖాళీ అయ్యాయి.

దిగి రాలేని వాళ్లకు భోజనం పైకే పంపుదామని ఆమె ఓడల ఏజెంటు కొస్మాస్‌ను అడిగింది. అతను ఒక్క ఓడ అప్పగించాడు. వంట నచ్చితే ఇక ముందు వచ్చే ఓడలూ ఆమెకే, లేకపోతే పట్నం హోటలుకు ఇచ్చేస్తానన్నాడు. అది కూడా పోతే ఇల్లు మూసుకోవడమే.

తీరా చూస్తే ఆ ఓడలో అంతా ఫిలిప్పీన్స్ కతోలికులు. ఓడ వచ్చే ఆదివారం వాళ్లకు ఈస్టర్. పెరామా చర్చి పంచాంగం వేరు. ఊరివాళ్లకింకా మట్టల ఆదివారమే, ఈస్టర్ ముందు ఉపవాసం ముగియడానికి మరో వారముంది. ఓడవాళ్లు అడిగిందేమో గొర్రెపిల్ల మాంసం. ఉపవాస దినాల్లో పొలిక్సేని గిన్నెకు ఏనాడూ మాంసం తగల్లేదు.

శనివారం చర్చికి వెళ్లి అక్కడి గురువు పాపా ఆంథిమోస్‌తో చెప్పుకుంది. ఆయన మట్టల కట్టలు కడుతూ నవ్వారు.

"ఉపవాసం నీ నోటికమ్మా, వాళ్ల పండుగకు కాదు. కడుపునిండా వండి పెట్టు."

ఆమె మనసు తేలికపడింది. ఆదివారం తెల్లవారకముందే మాంసం పొయ్యెక్కించింది. సరిగ్గా ఉప్పు చేతిలోకి తీసుకునే వేళకు చర్చి గంట మోగింది. శిలువ గుర్తు వేసుకుని ప్రార్థన చెప్పుకుంది. కళ్లు తెరిచాక చేయి ఖాళీగా ఉంది. ఉప్పు గిన్నెలో పడిందో నేల మీద పడిందో తెలియలేదు. రుచి చూద్దామంటే ఉపవాసం.

వీధిలోకి వచ్చి పక్కింటావిడను అడిగితే ఉపవాసమంది. కూరలతను కూడా ఉపవాసమే అన్నాడు. ఒక్క పూటలో వీధి వీధంతా సన్యాసం పుచ్చుకున్నట్టయింది. మట్టల ఆకులతో అల్లిన శిలువలు పట్టుకుని చర్చి నుంచి వస్తున్న రేవు గేటు కాపలాదారు స్ట్రాటోస్ నేల చూపులు చూస్తూ అదే మాటన్నాడు. పక్కన అత్తగారు డెస్పీనా ఉంది మరి.

ఆవిడ ఆగింది. "రుచి చూడు అల్లుడూ. ఈ నలభై రోజులూ నీ మీసాల్లో కాల్చిన మాంసం వాసన పీలుస్తూనే ఉన్నాను."

"అది ఆక్టోపస్ అత్తయ్యా, ఉపవాసంలో తినొచ్చు."

"ఆక్టోపస్‌కు ఎముకలు ఎప్పుడు మొలిచాయి నాయనా? నీ కోటు జేబు దులిపింది నేనే."

స్ట్రాటోస్ చెవులు ఎర్రబడ్డాయి. పొయ్యి దగ్గరకొచ్చి గరిటె అందుకుని, ఉప్పే లేదన్నాడు. వేశాక ఇంకాస్త కావాలన్నాడు. మూడోసారి, మరో ముక్క చూస్తే గానీ తేల్చలేననేసరికి డెస్పీనా గరిటె లాక్కుంది.

అతనే గిన్నెలు ఓడ మెట్ల దాకా చేర్చాడు. ఓడ వంటవాడు స్వయంగా దిగొచ్చి మోసుకెళ్లాడట. సాయంత్రానికి గిన్నెలు తళతళా తోమించి పంపారు. వెంటనే కొస్మాస్ ఫోను చేశాడు. బుధవారం ఓడ, శుక్రవారం ఓడ రెండూ ఆమెకేనన్నాడు.

పొలిక్సేని ఫోను రెండు చేతులా పట్టుకుంది. కోరుకున్నది చేతికందింది. అయినా చెప్పక తప్పలేదు.

"శుక్రవారం నా పొయ్యి వెలగదు కొస్మాస్. ఆ రోజు మన గుడ్ ఫ్రైడే, ప్రభువును పూలపాడె మీద ఊరేగిస్తాం. ఇంకే రోజైనా అడుగు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"సరే అక్కా. గురువారమే వండి ఇవ్వు, ఓడ ఫ్రిజ్‌లో పెట్టిస్తాను. వాళ్లు వేడి చేసుకుంటారు."

ఆమె మరియమ్మ పటం ముందు దీపంలో నూనె పోసి, ఇంకో రెండు పెద్ద గిన్నెలు అరువడగడానికి పక్కింటి తలుపు తట్టింది.