బస్సులో చేతి కొలత

పిల్లల తిండి మీద ఏళ్ల తరబడి సాగే సర్వేలో కొలతలు తీయడం నా పని. మధ్యలో మానేసే తల్లులంటే నాకు చిరాకు.

గజపతినగరం బస్సులో పక్కనున్నావిడ ఒళ్లో బిడ్డ నిద్రపోతున్నాడు. అలవాటుకొద్దీ వాడి జబ్బ చుట్టూ నా బొటనవేలూ చూపుడువేలూ పోనిచ్చాను. రెండు కొసలూ కలిసిపోయాయి. అంటే బిడ్డ బాగా చిక్కిపోయినట్టు.

తల్లి చూసేసింది. “ఏటి, మీరూ ఆ కొలతలోళ్లేనా? మా ఊరికీ వచ్చేవోరు. అందరి ముందూ ‘బిడ్డ బక్కగున్నాడు’ అనేసి ఎల్లిపోయేవోరు. ఆ రోజంతా మా అత్త సాధింపులే. అందుకే మానేసినాను.”

బిడ్డ చెయ్యి తనే నా ముందుకు చాపింది. “పోనీ, మీరు సెప్పండి. ఇప్పుడు కాస్త ఒళ్లు సేసినాడా?”

“చేశాడమ్మా, బాగున్నాడు,” అన్నాను.

ఆవిడ నవ్వుతూ బిడ్డ చొక్కా సర్దింది. దిగేదాకా ఆ రెండు వేళ్లూ గుప్పెట్లోనే దాచుకున్నాను.