రాయ్‌గఢ్ కొండమీది ఎర్ర బొమ్మలు

మొన్న మా మరిది కూతురు సెలవులకు రాయ్‌పూర్ వచ్చి, మాల్ తప్ప మీ ఊళ్ళో చూడ్డానికేముంది పెద్దమ్మా అని పెదవి విరిచింది. నాకు చర్రున కోపం వచ్చింది గానీ, ఆ కోపం వెనకాలే ఇరవయ్యేళ్ళనాటి ఓ ఆదివారం గుర్తొచ్చి, తరుగుతున్న కూర వదిలేసి అలాగే కూర్చుండిపోయాను.

అప్పటికి రాయ్‌పూర్‌లోనే మోవా పేటలో మాది కొత్త కాపురం. చరిత్ర చదువుకున్న నన్ను సిల్తారా ఇనుప కర్మాగారంలో పనిచేసే ఆయనకిచ్చి చేశారు. రాయ్‌గఢ్ దగ్గర కొండల్లో ఆదిమానవులు వేసిన బొమ్మలున్నాయని తెలిసిన నాటినుంచి ఆయన్ని జోరీగలా పోరి, చివరికి ఒప్పించాను. కొండంటే అమ్మవారు ఉండకుండా ఉంటుందా అని, శ్రీకాకుళం నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న అత్తగారు కూడా కుంకుమ భరిణె, పులిహోర డబ్బా పట్టుకుని బయలుదేరారు. కాదనడానికి నాకెన్ని గుండెలు?

రైలు దిగి, జీపు మాట్లాడుకుని, ముళ్ళపొదలకు చీరలు తగిలించుకుంటూ ఎక్కాం. దారి చూపుతున్న కొండకింది ఊరి పెద్దాయన ఒకచోట ఆగి, రాతిగోడ చూడమన్నాడు. చూద్దును కదా, ఎర్రటి మనుషులు చేతులు పట్టుకుని ఆడుతున్నారు, పక్కన ఓ జింక! ఎన్ని వేల ఏళ్ళ కిందటో ఎవరో వేలు ముంచి గీసిన గీత, నా ఎదురుగా. ఒళ్ళు ఝల్లుమంది, నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఇంతలో అత్తగారు చెప్పులు విడిచారు. మా వైపు రాతిమీద ఎర్రగీత కనబడితే బొట్టు పెట్టి దండం పెట్టాల్సిందే. ఆవిడ కుంకుమ తడిపి, వేలికద్దుకుని, తిన్నగా ఆ జింక నుదుటివైపు చేయి చాపారు. ఆ తడి అంటితే బొమ్మ పాడైనట్టే. అత్తగారికి ఎదురు చెప్పడం అప్పటికి నేనెరగను. అయినా గబుక్కున వెళ్ళి చేయి పట్టుకున్నాను.

“వద్దత్తయ్యా. వాళ్ళు పెట్టిన బొట్టు ఇంకా చెరగలేదు.”

ఆవిడ నన్ను చూశారు, రాయిని చూశారు.

“అలగైతే నీకే బొట్టెడతాను, ఇటు తిరుగు.”

ఆ వేలితోనే నా నుదుట బొట్టు దిద్ది, పొద్దువాలేదాకా నాకంటే ముందు రాళ్ళెక్కుతూ, ఇదిగో తాబేలు, అదిగో వేటగాడు అని చిన్నపిల్లలా నన్ను కేకేస్తూనే ఉన్నారు.

ఈ ఆదివారం మరిది కూతుర్ని అక్కడికి లాక్కెళ్ళాను. ఇప్పుడు కొండ మొదలుదాకా తారురోడ్డు, బొమ్మల ముందు ఇనుప కంచె. మంచిదే. పిల్ల ఫోటోలు తీసుకుని చకచకా దిగిపోయింది. అత్తగారు పోయి చాలా కాలమైంది. అక్కడిప్పుడు ఎవరి చేయీ పట్టుకుని ఆపే పని లేదు. ఇంకొక్కసారి ఆపాల్సివస్తే ఎంత బాగుండునో అనిపించింది.