మా నేరేడు చెట్టు కంట్రోల్‌లో ఉందట

అమ్మ పెరట్లో పెంచిన రెండు నేరేడు మొక్కల్లో ఒకటి చచ్చిపోయిందని ఈ రోజు తేలిపోయింది.

ఎండలు పెరిగితే మట్టీ చెట్లూ ఎలా తట్టుకుంటాయో పరిశోధన చేస్తున్న సుజాతక్క మా ఖుర్సీపార్ వీధి మనిషే. వేసవి మొదట్లో వచ్చి ఒక మొక్కకు నీళ్ల పైపు పెట్టింది. రెండోది కంట్రోల్ అని, దానికి చుక్క నీళ్లు కూడా పోయొద్దని చెప్పింది. నేను నిశ్చింతగా ఉన్నాను. మా హథ్‌ఖోజ్ మిల్లులో కంట్రోల్ అంటే మీటర్ల ముందు మనిషి కాపలా ఉండే గది. వేడి హద్దు దాటితే అక్కడినుంచే మెషీన్ ఆపేస్తారు. అందుకే బిందె పట్టుకెళ్లిన అమ్మను కూడా ఆపాను.

ఈ సాయంత్రం అక్క వచ్చి, ఎండిన కొమ్మ విరిచి చూసి, "బఢియా! తేడా బాగా తెలుస్తంది" అంది.

నాకు ఒళ్లు మండింది. "ఏటక్కా బఢియా? సచ్చిపోనాది కదా! కంట్రోల్‌లో ఉందన్నావు!"

"ఒరే పాగల్, కంట్రోల్ అంటే పోల్సి సూడ్డానికి ఏటీ సెయ్యకుండా ఒగ్గీడమేరా. నీకు తెలుసనుకున్నాను."

తెలుసనుకుందట! మా అమ్మ చేతి అన్నం తిని పెరిగిన మనిషి ఆ ఒక్క మాట విప్పి చెప్పలేదు.

కంట్రోల్‌ను తెలుగులో ఏమంటారో తెలిసినవాళ్లు కింద రాయండి. అమ్మ అడుగుతోంది. చావడానికి వదిలేయడం అని చెప్పడానికి నాకు నోరు రావట్లేదు.