ఇచ్చోడకు మోసుకెళ్లిన రికార్డు ఛేంజరు

పాత రికార్డు ఛేంజరు పట్టుకుని ఊళ్లు తిరగాలన్న సరదా మీలో ఎవరికైనా ఉంటే, అరవైల మొదట్లో నేను పడ్డ తిప్పలు ముందు చదవండి. బాపు, అంటే మా నాన్న, పోయినప్పుడు వానలకు దారి తెగి, ఇచ్చోడలో ఉన్న మా మేనత్త తమ్ముడి కడచూపుకు రాలేకపోయింది. ఆ తర్వాత ఆమెకు కళ్లూ పోయాయి. "నాటకంల వాడు మాట్లాడిన రికార్డులున్నయట గదా, ఒక్కసారి వాని గొంతు వినిపియ్యి బిడ్డా" అని కబురు పెట్టింది. ఇంట్లో చేత్తో తిప్పే గ్రామఫోను నిక్షేపంగా ఉంది. దాన్ని వదిలేసి, కొత్తగా కొన్న కరెంటు ఛేంజరును సంకనెత్తుకున్నాను. గొప్పకు పోయాను, ఇంకేముంది!

ఉదయం ఆరింటికి కరీంనగర్‌లో బస్సెక్కాను. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా నిర్మల్ చేరి అక్కడ బస్సు మారాలి. టికెట్లు రెండూ కలిపి ఐదారు రూపాయలు. పెట్టె దగ్గరే కండక్టరుతో పేచీ వచ్చింది. "ఏముంది సార్ గిండ్ల?" అన్నాడు. నడిమి కడ్డీకి రికార్డులు దొంతరగా పెడితే, ఒకటి అయిపోగానే ముల్లు తనంతట తాను పక్కకు జరుగుతుందని, తర్వాతది కిందికి జారుతుందని వివరించాను. "అన్ని అదే చేసుకుంటదా? గట్లయితే టికెట్ గూడ అదే తీస్కుంటదేమో అడుగు సార్" అని పెట్టెకు అర్ధరూపాయి టికెట్ కొట్టాడు. కొండగట్టు దగ్గర ఎక్కినావిడ కొబ్బరిచిప్పల సంచి తెచ్చి పెట్టె మీదే దింపింది. నిర్మల్‌లో రెండు గంటలు ఎండలో పడిగాపులు. ఇచ్చోడలో దిగేసరికి నాలుగైంది, భుజాలు పడిపోయాయి.

అత్త గోడకానుకుని కూర్చుంది. నాటకం మూడు రికార్డులు, ఒక్కోదానికి రెండేసి వైపులు, మొత్తం ఆరు భాగాలు. అదృష్టం, ఇంట్లో కరెంటు ఉంది. దొంతర పెట్టి మీట నొక్కాను. ఒకటో భాగం అయింది. టప్‌మని రెండో రికార్డు పడి మూడో భాగం ఎత్తుకుంది. మళ్లీ టప్, ఐదోది. అప్పటికిగాని నా బుర్రకెక్కలేదు, ఈ మహాయంత్రం పైవైపే పాడుతుంది, తిరగెయ్యదు. ఇంట్లో వేసినవన్నీ సినిమా పాటలు, వాటికి వరసతో పనేముంది? బాపు మాటలన్నీ రెండు, నాలుగు, ఆరు భాగాల్లోనే ఉన్నాయి.

"ఏడిరా నా తమ్ముడు? రాజు మాట్లాడవట్టె, రాణి ఏడ్వవట్టె, వాడు రాకపాయె."

"జర ఆగత్తా, పరేషాన్ కాకు."

చిరాకులో దొంతరను దొంతరగానే బోర్లించి మళ్లీ పెట్టాను. అదింకా పెద్ద తప్పు. అడుగున ఉన్నది ముందు పడుతుంది కదా, ఆరో భాగం మొదలైంది. బాపుది సేనాపతి వేషం. యుద్ధంలో పడిపోయి, నీళ్లడిగి, ప్రాణం విడిచే ఘట్టం అది. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. కడచూపుకు నోచుకోని మనిషికి మొదట చావునే వినిపించానే అని నన్ను నేను తిట్టుకున్నాను. ఆపబోయేలోగా టప్‌మంది. నాలుగో భాగంలో బాపు లేచి శత్రువును గద్దిస్తున్నాడు. మళ్లీ టప్. రెండో భాగంలో కొలువులోకి వస్తూ పకపకా నవ్వాడు.

"తప్పయిందత్తా, వరస తిరగబడ్డది. సీదాగ మల్ల పెడ్త."

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దు బిడ్డా, గిట్లనే ఉండనీ. సీదాగ పెడ్తివంటే వాడు మల్ల సస్తడు."

అదే వరసలో ఇంకో మూడుసార్లు వేయించుకుంది. ఆ యంత్రం మీద నా కోపం చల్లారలేదు, మోత దండగ అని ఇప్పటికీ అంటాను. కానీ చేత్తో తిప్పే పెట్టె తీసుకెళ్లి ఉంటే, ఒకటి నుంచి ఆరు దాకా పద్ధతిగా వేసి, అత్త ముందు బాపును చంపి వచ్చేవాణ్ని. మీరు వెళ్తే ఒక్కటే జాగ్రత్త. నాటకం రికార్డులైతే భాగాల అంకెలు చూసుకుని, ఒక్కొక్కటే పెట్టి చేత్తో తిరగెయ్యండి. ఏ భాగంతో ముగించాలో మాత్రం వినేవాళ్లను అడగండి.