కత్తి పడని ఒంట్లో కుట్లు

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాను. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. మా తాత కాలంలో గుర్రపుశాలలో ఏదో తిరుగుతోందని జీతగాళ్ళు చెబితే, ఆయన అక్కడే మంచం వేయించుకుని పడుకున్నాడట. ఆ గుర్రాలు పోయాయి, శాల కూలింది, భూములు చేతులు మారాయి. ఆ మొండితనం మాత్రం నా దాకా వచ్చింది. అందుకే నేను రాసేది భయస్థుడి మాటలుగా చదవొద్దు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది పెద్దముడియం దగ్గర పల్లె. ఉగాది నాడు మా ఊళ్ళో చావిడి ముందు గుండు ఎత్తుతారు. నున్నగా గుండ్రంగా ఉండే పెద్ద రాయి. మొదట మా ఇంటి మగవాడు దాన్ని రొమ్ము దాకా ఎత్తి దించాలి. ఆ తర్వాతే ఊరివాళ్ళు. అన్నీ పోయాక మా ఇంటికి మిగిలింది ఆ ఒక్క హక్కే.

దానికొక కట్టుబాటు ఉంది. కత్తి పడిన ఒళ్ళు గుండును ముట్టకూడదు. ఎత్తినవాడికి అంతకుముందే ఆపరేషను అయిందని తేలితే, వాడి ఇంటికే శాశ్వతంగా హక్కు పోతుంది. ఎత్తిన తర్వాత అయితే తప్పు లేదు. వాడి తర్వాతివాడు ఎత్తుకోవచ్చు.

ఆ ఏడు ఉగాదికి కొన్నాళ్ళ ముందు నా కుడి గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది. దగ్గితే బయటికొచ్చేది. పడుకుంటే లోపలికి పోయేది. ఎవరికీ చెప్పకుండా ప్రొద్దుటూరు వెళ్ళి ఒక పెద్ద డాక్టరుకు చూపించాను.

ఆయన చిటికెన వేలు గజ్జ దగ్గర లోపలికి పోనిచ్చి దగ్గమన్నాడు. "హెర్నియా. వేలు సాఫీగా పోతాంది, ఏ అడ్డమూ లేదు" అన్నాడు. నేను అర్థం కానట్టు చూస్తే నా కండువా తీసుకుని మూడు మడతలు వేశాడు.

కడుపు గోడలో పక్కల మూడు పొరల కండ ఉంటుందట. పై పొర నేత ఒక వాలుకు, నడిమి పొర దానికి ఎదురు వాలుకు, లోపలిది అడ్డంగా. అందుకే కడుపు అంత బరువు మోసినా చిరగదు. గజ్జ దగ్గర మాత్రం కండ పలచబడుతుంది. మగబిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడు వృషణం లోపలి నుంచి ఆ దారినే కిందికి దిగుతుంది. కొందరికి ఆ దారి సరిగ్గా మూసుకోదు. బరువెత్తినప్పుడు పేగు అందులోకి జారుతుంది. జారిన పేగు వెనక్కి పోక బిగుసుకుంటే రక్తం ఆడక కుళ్ళిపోతుంది. మనిషి దక్కడు.

"ఈ రాళ్ళూ గుండ్లూ మానుకోప్పా. జమ్మలమడుగు ఆసుపత్రికి పోయి కోయించుకో" అన్నాడు.

ఉగాదికి ముందు కోయించుకుంటే నేను ఎత్తకూడదు. తమ్ముడికింకా ఆ బలం రాలేదు, ఇంకో ఏడాది పట్టేట్టుంది. మా వైపు నుంచి ఎవరూ ఎత్తకపోతే సుంకిరెడ్డి ఎత్తుతాడు. మా నాన్న అమ్మిన మాగాణి కొన్నది వాళ్ళే. ఈ ఒక్కసారికి ఎత్తి, తర్వాత కోయించుకుందామని తేల్చుకున్నాను.

ఊళ్ళో ఉంటే ఎవరైనా పసిగడతారని పండగ దాకా పులివెందులలో మా అక్క ఇంట్లో ఉన్నాను. అక్కడ ఒక మధ్యాహ్నం అరుగు మీద నులకమంచంలో నిద్రపోయాను. లేచేసరికి కుడి గజ్జ బిగదీసినట్టు ఉంది. మంచం ఒత్తుకుందనుకున్నాను. ఆ రోజు నుంచి దగ్గినా ఉబ్బు రాలేదు. విశ్రాంతితో తగ్గిందనుకుని సంతోషించాను.

ఉగాది నాడు గుండు మోకాలి మీదికి తెచ్చి, రొమ్ముకెత్తాను. ఎత్తుతున్నప్పుడే లోపల ఏదో పుటుక్కున తెగింది. పళ్ళు బిగించి నిలబడి, మెల్లగా దించాను. జనం కేకలు వేస్తున్నారు. ఇల్లు చేరేసరికి గజ్జలో గుడ్డంత గడ్డ, ఒళ్ళంతా చెమట. పడుకున్నా లోపలికి పోలేదు. తమ్ముడు బండి కట్టించి జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయాడు.

నడుముకు సూదిమందు వేసి కింది సగం తిమ్మిరెక్కించారు. తెలివి మాత్రం ఉంది. కత్తెరల చప్పుడు, డాక్టరు ముక్తసరి మాటలు వినిపిస్తున్నాయి. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి.

"ఇంతకుముందు ఎవరు కోశారయ్యా?" అన్నాడు డాక్టరు.

"ఎవరూ కోయలేదు" అన్నాను.

"నాతో దాచడమెందుకు? లోపల కుట్లున్నాయి."

మర్నాడు ఆయన మంచం దగ్గరికొచ్చి కూర్చున్నాడు. కోస్తా మనిషి, మర్యాదస్థుడు. కానీ నన్ను దొంగను చూసినట్టే చూశాడు. చెప్పింది ఇది. చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద మొదటి పొర, అన్నీ ఆయనే కోశాడు. వాటి మీద పాత గాటు ఏదీ లేదు. అవన్నీ తెరిస్తే గానీ అందని లోపలి గోడలో, పేగు జారే నోటి చుట్టూ, దారంతో వరసగా కుట్లున్నాయి. ఏళ్ళ కిందటివైతే కండ కమ్మేసేది, ఇవి కొత్తవి. బరువుకు ఒక కుట్టు తెగి, ఆ సందులో పేగు కొంచెమే జారింది. మిగతావి పట్టుకోకపోతే నేను ఆసుపత్రి దాకా వచ్చేవాడినే కాదు.

"ఎవరు చేశారో చెబితే నేర్చుకుంటాను" అన్నాడు. అది ఎగతాళో నిజమో నాకు తెలియలేదు.

నేను మొదట ఆయన్నే అనుమానించాను. ఏదో పొరపాటు చేసి కప్పిపుచ్చుకుంటున్నాడేమో అని. కొంచెం తిరగగలిగాక ప్రొద్దుటూరు పెద్ద డాక్టరును అడిగాను. తన వేలు సాఫీగా పోయిందని, అప్పుడు కుట్టు అనేదే లేదని ఆయన ఖండితంగా చెప్పాడు. తర్వాత మా అక్కను అనుమానించాను. ఏ మత్తుమందో పెట్టించి, ఎవరినో పిలిపించిందా అని.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా రా? నువ్వు పండుకున్నంతసేపూ పక్కనే కూచోని ఈగలు తోలినా. రోడ్డు మింద పోయే జనమంతా సూస్తాండిరి" అని అక్క ఏడ్చింది. రక్తపు చుక్క లేదు, మచ్చ లేదు. ఇంక ఎవరిని అనుమానించాలో తెలియలేదు.

ఆసుపత్రిలో పనిచేసే మనిషి ఒకడు సుంకిరెడ్డికి వరసకు బావమరిది. నేను ఊరు చేరేసరికి ఆ కబురు నాకంటే ముందే చేరింది. చావిడి దగ్గరికి పిలిచారు.

"ఏమప్పా, తోలు చినక్కుండా లోపల్లోపలే కుట్టించుకున్యావంట! ఆ దర్జీ యాడుంటాడో సెప్తే మేమూ పోతాం" అన్నాడు సుంకిరెడ్డి. జనం నవ్వారు.

"నోర్ముయ్ సుంకా" అన్నాడు దస్తగిరి సాయిబు. చావిడిలో అందరికంటే పెద్దవాడాయన, ఆయన మాటకు ఎదురుండదు. నా వైపు తిరిగి, "మీ ఇంటి మాట మింద మాకు నమ్మకముందప్పా. గుండు మింద సెయ్యి పెట్టి, ఉగాదికి ముందు నా ఒంటి మింద కత్తి పడ్లేదు అని ఒక్క మాట సెప్పు. సాలు. వచ్చే ఏడు మీ తమ్ముడు ఎత్తుతాడు" అన్నాడు.

తమ్ముడు నా చెవి దగ్గరికొచ్చి, "సెప్పన్నా. ఎవురు కోసినారని? ఒంటి మింద ఆసుపత్రి గీత ఒక్కటే కదా ఉండేది, సూపిచ్చు" అన్నాడు.

గుండు మీద చెయ్యి పెట్టాను. ఎండకు కాలి ఉంది. నా ఒంటి మీద కత్తి పడినట్టు నాకు తెలియదు. పడలేదని కూడా తెలియదు. లోపల కుట్లు ఉన్నాయని కళ్ళారా చూసినవాడు చెప్పాడు. తెలియని సంగతి మీద మా ఇంటి పేరుతో ప్రమాణం చేయడం నావల్ల కాలేదు.

చెయ్యి తీసేశాను. "చెయ్యలేను" అన్నాను.

సుంకిరెడ్డి కూడా నవ్వలేదు. ఆ తర్వాతి ఉగాదికి మొదట గుండెత్తింది అతనే. ఇప్పటికీ వాళ్ళ ఇల్లే ఎత్తుతోంది. తమ్ముడు చాలాకాలం నాతో మాట్లాడలేదు.

ఈ సంగతి విన్నవాళ్ళలో కొందరు, మా పెద్దల్లో ఎవరో వచ్చి నన్ను కాపాడి ఉంటారంటారు. నేను ఒప్పుకోను. మా పెద్దలు నాకు తెలుసు. వాళ్ళే అయితే నా ప్రాణం పోనిచ్చి గుండు హక్కును నిలబెట్టేవాళ్ళు. నన్ను బతికించి మా ఇంటి హక్కును పోగొట్టిన ఆ చెయ్యి ఎవరిదో, నా మేలు కోరి వచ్చిందో మా కీడు కోరి వచ్చిందో, ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.