ఇటుకల పండగనాడు మూడు ముంతల పేడనీల్లు

నాను ఐదో తరగతి వరకే సదివినాను. రాయాలంటే ఒక్కో అచ్చరం కూడబలుక్కోవాల. అయినా ఇది నానే రాయాల. ఇంకోలు రాత్తే నా కోపం తగ్గించి రాసేత్తారు.

మాది అరకు కొండల్లో ఊరు. మా ఊర్నించి యూనివర్సిటీకి ఎల్లిన మొదటోడు నా కొడుకే. అక్కడ ఆడికి ఒక సీనియర్ తగిలినాడు. పట్నం కుర్రోడు. ఓపాలి శెలవలకి మా ఇంటికొచ్చి నా సేతి సోడంబలి రెండు గిన్నెలు తాగినాడు. అమ్మా అమ్మా అని నా ఎనకాలే తిరిగినాడు. కాఫీ తోటలు సూడ్డానికొచ్చినాడనుకున్నాను. ఆడొచ్చింది గంజాయికి. "మీ కొండల్లోదే కదరా, నీకు తెలీకుండా ఉంటుందా?" అని మావోడ్ని పట్టుకున్నాడంట. సీనియర్ మాట కాదన్నేక మావోడు తెచ్చిచ్చినాడు. ఆనక ఈడికీ అలవాటయ్యింది. హాస్టల్లో దొరికింది మాత్రం మావోడొక్కడే. ఇంటికి పంపీసినారు. తిండి తినడు, నిద్దరపోడు, గోడకేసి తిరిగి పడుకుంటాడు. పరీచ్చలకి రానిత్తారో నేదో తెలీదు.

సైత్రంలో ఇటుకల పండగొచ్చింది. పండగకి మగోల్లు వేటకెల్తారు. ఒట్టి సేతుల్తో తిరిగొత్తే ఆడోల్లం పేడనీల్లు కొట్టి తిడతాం. ఎవులూ కోపం తెచ్చుకోకూడదు. మాము గోలెంలో పేడ కలిపి ఎదురుసూత్తన్నాం. అప్పుడే యూనివర్సిటీ బస్సొచ్చింది. మత్తుమందులొద్దని మాకు సెప్పడానికంట. ఒక డాక్టరమ్మా, కొంతమంది కాలేజీ పిల్లలూను. మైకు పట్టుకుని ముందు దిగినోడు ఆ సీనియరే. సొక్కాకి బేడ్జీ ఒకటి. నన్ను సూసి మొకం తిప్పేసినాడు.

నాటకమేసినారు. తలగుడ్డ కట్టుకున్న కొండోడు పట్నం పిల్లోడికి గంజాయి అలవాటు సేత్తాడు. మా ఆడోల్లు కూడా నవ్వినారు. నాకు ఒల్లు మండిపోయింది. గోలెంలో ముంత ముంచి, ఎల్లి ఆ సీనియర్ నెత్తిమీద పోసేసినాను.

పిల్లలంతా సప్పట్లు! మా పండగ ఆచారమనుకుని ఫోన్లు తీసి వీడియోలు. డాక్టరమ్మా నవ్వింది. ఆడూ నవ్వినాడు. రెండో ముంత పోసినాను. మూడోది కూడా పోసినాక ఎవులూ నవ్వనేదు.

"ఒలే, ఆడేటి వేటకెల్లినాడే?" అన్నాది మా వదిన.

"ఎల్లినాడొదినా. మా ఇంటికే వొచ్చినాడు వేటకి. నా కొడుకుని కొట్టుకుపోయినాడు."

"మరైతే ఒట్టి సేతుల్తో పోనేదు కదే!"

"అందుకే మూడు ముంతలు."

డాక్టరమ్మ ఆడికేసి సూసింది.

"ఆవిడెవరో నాకు తెలీదు మేడమ్" అన్నాడు.

"తెలీదేటి? అంబలి తాగినప్పుడు అమ్మనేటి?" అన్నాను.

మా గుమ్మంలోంచి మావోడి గొంతు ఇనిపించింది. మంచం మీంచి ఎప్పుడు నెగిసినాడో. "నాకు తెలుసు మేడమ్. అడిగింది ఈ అన్న. తెచ్చింది నాను."

ఆడి తప్పు కూడా ఆడే సెప్పుకున్నాడు.

డాక్టరమ్మ మైకు ఆపించేసింది. మా అరుగుమీద మావోడి పక్కన కూకుని, నిద్దరెంత పడతాది, ఆకలేత్తందా, మానేత్తే ఒల్లు ఎలాగుంటాది, అన్నీ అడిగింది. "ఇది తగ్గుతుంది బాబూ. సిగ్గుపడి దాచుకుంటేనే ముదురుతుంది" అన్నాది. మాకు నాటకం కన్నా ఆ నాలుగు మాటలే బుర్రకెక్కినాయి.

సీనియర్ కడుక్కోడానికి నీల్లడిగినాడు. "అమా, ఇయ్యే" అన్నాడు మావోడు.

"కింద గెడ్డలో పారతన్నాయి నీల్లు. ఎల్లమను" అన్నాను.

డాక్టరమ్మ ఇద్దరి సంగతీ కాలేజీలో సెప్పింది. ఇప్పుడు మత్తు మానడానికి సోమారం సోమారం ఇద్దరూ డాక్టరమ్మ ఆసుపత్రికి ఎల్లాల. మావోడికి పరీచ్చ రాయనిత్తామన్నారు. ఇప్పుడు బాగానే తింటన్నాడు. అక్కడ ఒకటే బెంచీ. ఇద్దరి మద్దినా నాను కూకుంటాను.

మొన్న సీనియర్ మెల్లిగా అడిగినాడు, "అమ్మా, నన్ను క్షమించవా?"

"ముందు నా కొడుకు పరీచ్చ రాయనీ. అప్పటిదాకా ఆ సివరకి జరిగి కూకో" అన్నాను.

జరిగినాడు.